మసేను ముడి

మా పేటలో నన్ను బీరువాల రత్నం అంటారు. అసలు పేరు నూకరత్నం. ముప్పై ఏళ్ళు వలలు అల్లినప్పుడు ఎవరూ వలల రత్నం అనలేదు గానీ, ఉప్పాడ రోడ్డు పక్కన కంపెనీవాళ్ళు షెడ్డు వేసి నన్ను పనిలోకి తీసుకున్న వారానికే ఈ పేరు తగిలించేరు. అననీ, నాకేం. ఆ పేరు పెట్టినవాళ్ళే ఇవాళ పొద్దున్న లేచి నేను కట్టిన బీరువాల మాట విని గానీ పడవ దింపడం లేదు.

బీరువా అంటే చీరలు పెట్టుకునేది కాదండీ. మనిషి కంటే ఎత్తైన ఇనప పెట్టె. దాన్నిండా అరలరలుగా కంప్యూటర్లు, ఒక్కోదాంట్లో అరవై నాలుగు. అలాంటి బీరువాలు ఎనిమిది కలిపితే ఒక క్లస్టర్ అంట. విడి సామాను పంపించి మీరే బిగించుకోండి అంటే కొన్నవాళ్ళకి నెలలు పడుతుందని, మా షెడ్డులోనే అంతా బిగించి, తీగలు కలిపి, మూడు రోజులు ఆపకుండా పూర్తి బలంతో నడిపి చూసి, తలుపులకి సీలు వేసి లారీ ఎక్కిస్తారు. అక్కడికెళ్ళేక ప్లగ్గు పెట్టుకోవడమే.

ఆ తీగలు కలిపే పని మొదట పట్నం నుంచి వచ్చిన కుర్రాళ్ళు చేసేవారు. ఒక్కో బీరువాకి మూడు వందల తీగలు. వాళ్ళు కలిపేక చూస్తే కోడి కెలికిన గడ్డిలా ఉండేది. ఒకరోజు ఆ షెడ్డు పని చూసే కెజియా మేడమ్ మా వీధిలోంచి నడిచి వెళ్తూ, నేను చిరిగిన వల బాగుచేస్తుంటే ఎండలో అలాగే నిలబడిపోయింది. అరగంట చూసి, "అమ్మా, మీ పేరేంటండీ?" అంది. మర్నాటి నుంచి నాతోపాటు మా పేట ఆడవాళ్ళం తొమ్మిది మందిమి షెడ్డులో ఉన్నాం.

కెజియాది అమలాపురం. ముప్పై రెండేళ్ళు ఉంటాయేమో. పై చదువులన్నీ సముద్రం మీదే చదివిందట. ఈత మాత్రం రాదు. ఆ సంగతి తెలిసిన రోజు మేం తొమ్మిదిమందిమీ నవ్వలేక చచ్చేం. ఆ అమ్మాయీ మాతోపాటు నవ్వింది. అందుకే నాకు ఇష్టం.

"ఈ తీగలో పారేది కరెంటు కాదు రత్నమ్మగారూ, వెలుగు," అని మొదటి రోజే చెప్పింది. "లోపల జుట్టు కంటే సన్నటి గాజు ఉంటుంది. దీన్ని నొక్కకూడదు, మడతపెట్టకూడదు. నొక్కితే వెలుగు సన్నగిల్లిపోతుంది."

"పసిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకోమంటారు, అంతే కదా?"

"అంతేనండీ."

మేం కట్టిన క్లస్టర్లలో ఆరోది మా సముద్రం కోసమే. సముద్రంలో రెండు వందల చోట్ల కంపెనీవాళ్ళు తేలే బుడ్లు వదిలేరు. ఏ అల లేచినా అవి వెంటనే కబురు పంపుతాయి. ఆ కబుర్లు పెట్టుకుని ఈ కంప్యూటర్లన్నీ కలిసి లోపల ఇంకో సముద్రాన్ని నడుపుతాయి. తలో ముక్కా పంచుకుంటాయి. తన ముక్కలో అల ఎటు పోతోందో లెక్కేసి, అంచుకి రాగానే పక్కదానికి అప్పగించాలి. అన్నీ అప్పగించేకే అందరూ కలిసి ఇంకో అడుగు ముందుకి. కెజియా దాన్ని కవల అనేది. మన సముద్రానికి కవల. కాకపోతే అది తొమ్మిది గంటలు ముందుంటుంది. మనకి పొద్దున్న పదైతే దానికి రాత్రి ఏడు.

"గాలి వస్తుంది, వాన వస్తుంది అని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు," అంది కెజియా. "ఇది అలా కాదు. ఏ చోట, ఏ నిమిషంలో, ఎంత ఎత్తు అల లేస్తుందో చెప్తుంది. ఒక్కొక్క పడవకి విడిగా చెప్తుంది."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆయనకి ఇదంతా చెప్తే, కంచంలో చెయ్యి ఆపి నా మొహం చూసేడు.

"నీ బీరువాకి ఎప్పుడైనా కడుపులో తిప్పి వాంతయ్యిందా?"

"ఇనప పెట్టెకి వాంతేంటి మావా?"

"మరి దానికి సముద్రం ఏటి తెలుసే?" అని మళ్ళీ అన్నంలో చెయ్యి పెట్టేడు.

ఆయన అలా అన్నాడంటే అనే హక్కుంది. మా ఆయన పేరు మసేను. పేటలో సముద్రం మీద ఆఖరి మాట ఆయనది. తెల్లారేసరికి తీరానికెళ్ళి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, వంగి కుడిచెయ్యి మణికట్టు దాకా ముంచి ఉంచుతాడు. తెలీనివాళ్ళు చూస్తే ఉంగరం పడిపోయి వెతుక్కుంటున్నాడనుకుంటారు. వెనకాల పడవలవాళ్ళంతా కిక్కురుమనకుండా నిలబడతారు. కాసేపటికి ఎవడో ఒకడు, "ఎల్లొచ్చా మావా?" అని అడుగుతాడు. "ఎల్లండి" అంటే పడవలు దిగుతాయి. "ఇయాల వద్దురా" అంటే అందరూ తిరిగి ఇళ్ళకే. ఏం చూస్తావు ఆ నీళ్ళలో అని పెళ్ళైన కొత్తలో అడిగేను. "అడుగు నీరు ఎటేపు లాగతందో చూత్తాను" అన్నాడు. నేనూ చెయ్యి పెట్టి, నాకేం తెలీట్లేదే అన్నాను. "నీకు నేనున్నాను కదేటి" అన్నాడు. అప్పుడు నాకు పదిహేడేళ్ళు, ఆ మాటకి పొంగిపోయేను. ఇప్పుడైతే తిట్టేదాన్ని.

ఆయన సొంతంగా కనిపెట్టిన ముడి ఒకటుంది. మా తీరంలో అందరూ వేసే ముడి నాలుగు నెలలకి వదులైపోతుంది. ఆయనది అలా కాదు. చేప గుంజేకొద్దీ, అల ఊపేకొద్దీ తనంతట తనే బిగుసుకుంటుంది. వెయ్యడం తేలిక, విప్పడం దేవుడి వల్ల కూడా కాదు. పేటంతా దాన్ని మసేను ముడి అంటారు. పెళ్ళైన ఏడాదే నా వేళ్ళు పట్టుకుని నేర్పేడు. నేర్చుకోడానికి నాకు ఒక్కపూట చాలును గానీ వారం రోజులు రానట్టే నటించేను. మాకు పిల్లలు లేరు. ఉన్నదంతా ఆయనా, నేనూ, ఏడాదికో కొత్త వల.

ఇక జరిగింది చెప్తాను.

ఆ సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి కవల పరీక్ష మొదలవ్వాలి. పదకొండైంది. ఎనిమిదో బీరువాలో ఆఖరి కట్ట తీగలు సర్దుతుంటే, వాటిని కట్టే అతుక్కునే పట్టీలు అయిపోయేయి. కొత్తవి కాకినాడ నుంచి రావాలి. మా వాళ్ళంతా అన్నాలకి వెళ్ళిపోయేరు. నా కొంగున నైలాన్ దారం, వల సూది, చిన్న చాకు ఎప్పుడూ ఉంటాయి. ముందు రోజే ఆయన నన్ను ఏడిపించేడు, "ఇన్నాళ్ళు నాతో కాపరం చేసి, నీ యంత్రంలో నాదంటూ ఏటీ లేదన్నమాట" అని. అది గుర్తొచ్చింది. ఉండనీ, ఒకటి ఆయనది కూడా ఉండనీ అనుకుని, ఆ దారంతో ఆయన ముడి వేసేను. నొక్కకూడదని తెలుసు కాబట్టి చిటికెన వేలు దూరేంత వదులుగా వేసేను. కెజియా వచ్చి తలుపులన్నీ మూసి సీళ్ళు వేసేసింది.

రాత్రి అన్నాల దగ్గర ఆయనకి చెప్పేను. ఎంత సంతోషపడతాడో అనుకున్నాను.

"నీ ముడొకటి లోపల వేసేను మావా. ఇంక నువ్వు నన్నేం అనడానికి లేదు."

ఆయన ఒక్క క్షణం ఆగేడు. "బిగించి లాగలేదు కదా?"

"లేదు. వేలు దూరేలా వదిలేను."

"ఆ పెట్టెల్లో పంకాలు తిరుగుతాయన్నావు కదూ?"

"తిరుగుతాయి. పక్కన నిలబడితే కొంగు నిలవదు."

"సరేలే," అన్నాడు. "బాగుంది. పులుసు కొంచెం వెయ్యి."

మంగళవారం తెల్లారి పడవెక్కేడు. ఆయనతో ముగ్గురు. రెండు రోజుల వేట. ఆకాశం కడిగిన కంచంలా ఉంది. నీళ్ళలో చెయ్యి పెట్టి చూసి "ఎల్దాం రా" అన్నాడు. కొత్త వల తీసుకెళ్ళేడు, నేను పదకొండు నెలలు కూర్చుని అల్లింది.

బుధవారం ఎనిమిదింటికి షెడ్డుకి వెళ్ళేసరికి కెజియా మొహం పాలిపోయి ఉంది. ముందురోజు నుంచీ ఇంటికే వెళ్ళలేదట.

"ఏమైందమ్మా?"

"కవల వెనకబడిపోతోందండీ. నిన్న పొద్దున్న తొమ్మిది గంటలు ముందుంది. సాయంత్రానికి ఏడు. ఇప్పుడు మూడున్నర."

"పాడైపోయిందా?"

"పాడైతే ఎర్ర లైటు వెలుగుతుంది. అన్నీ పచ్చగానే ఉన్నాయి. ఎక్కడో ఒక దారి ఇరుకైంది. ఆ ఒక్కటీ ఆలస్యంగా అప్పగిస్తోంది, దానికోసం మిగతావన్నీ ఆగుతున్నాయి."

నాకు వెంటనే అర్థమైంది. మేం ఒడ్డు మీద అలివి వల లాగేటప్పుడు నలభైమంది ఒక్కసారే లాగాలి. ఒక్కడు కాలు జారితే అందరూ ఆగాలి. అదే సంగతి.

"మరి ఆపి చూసుకోవచ్చు కదమ్మా?"

"ఆపితే లోపలున్న సముద్రం పోతుంది. మళ్ళీ మొదటినుంచి కట్టుకుని అసలు సముద్రాన్ని అందుకోడానికి పదహారు గంటలు పడుతుంది." అని కెజియా ఆగి, తెరమీద ఒకచోట వేలు పెట్టింది. "పరీక్ష పోతే పోయింది, నాకు భయం దానిక్కాదు. ఇది చూడండి. ఎక్కడో దక్షిణాన తుఫాను పుట్టి పోయింది. అక్కడినుంచి ఒక పెద్ద కదలిక వస్తోంది. తూర్పు నుంచి ఇంకోటి. విడివిడిగా చూస్తే రెండూ నీళ్ళ కింద దాక్కుని వస్తున్నట్టే ఉంటాయి, పడవలో ఉన్నవాళ్ళకి తెలీదు. రెండూ కలిసిన చోట మాత్రం..."

"మాత్రం?"

"తాటిచెట్టంత లేస్తుంది. ఒకే ఒక్క అల. రెండు నిమిషాలు. తర్వాత మళ్ళీ మామూలు."

"ఎక్కడ?"

"అదే తెలీట్లేదండీ. మధ్యాహ్నం ఒంటిగంటా రెండింటి మధ్య అని మాత్రం తెలుస్తోంది. ఎక్కడనేది కవల అక్కడిదాకా నడిచి వెళ్ళి చూసి చెప్పాలి. కానీ అది గంటగంటకీ నెమ్మదిస్తోంది. ఈ లెక్కన అది చెప్పేసరికి అల లేచి పడిపోయి ఉంటుంది."

"అందరినీ ఒడ్డుకి వచ్చెయ్యమంటే?"

"ఏ దారిన రమ్మంటాను? అది వాళ్ళొచ్చే దారిలోనే లేస్తే?" అంది కెజియా. కళ్ళనిండా నీళ్ళు. "బయట నలభై పడవలున్నాయి రత్నమ్మగారూ."

నాకు నలభై కనబడలేదు. అబద్ధం ఎందుకు, ఒక్కటే కనబడింది. నడిసముద్రంలో పెద్దమెట్ట అనే చోట వేట చేస్తానని చెప్పి వెళ్ళేడు మా ఆయన.

కెజియా చేతికి కాగితాలు తీసుకుని ఒక్కొక్క బీరువా ముందూ నిలబడి అద్దంలోంచి చూడ్డం మొదలుపెట్టింది. ఎనిమిదింటికీ కలిపి రెండువేల నాలుగు వందల తీగలు. ఏం కనబడుతుంది? నేనూ వెనకాల నడిచేను. తొమ్మిదైంది. పదిన్నరైంది. ఎనిమిదో బీరువా ముందుకొచ్చేసరికి లోపలి పంకాల హోరు నా చెవులకి తగిలింది. అద్దం వెనకాల తీగలు సన్నగా వణుకుతున్నాయి. గంటలు గంటలుగా, దాదాపు రెండు రోజులుగా, ఆగకుండా వణుకుతున్నాయి.

ఊపేకొద్దీ తనంతట తనే బిగుసుకునే ముడి.

ముప్పైయేళ్ళు ఆ ముడి వేసినదాన్ని, అది ఏం చేస్తుందో నాకంటే తెలిసినవాళ్ళు లోకంలో ఒక్కరే ఉన్నారు, ఆ ఒక్కరూ సముద్రం మీద ఉన్నారు.

"అమ్మా కెజియా," అన్నాను. మేడమ్ అనడం మర్చిపోయేను. "నేను చేసేనమ్మా ఇది. ఇక్కడ, పైనుంచి మూడో అర వెనకాల. దారంతో కట్టేను. నన్ను తర్వాత ఏమన్నా అను. తలుపు తియ్యి."

సీలు తీస్తే పరీక్ష చెల్లదు. ఎవరు తీసేరు, ఎందుకు తీసేరు అని పైనుంచి అడుగుతారు, తీసినవాళ్ళ ఉద్యోగానికే ఎసరు. ఇదంతా కెజియాకి తెలుసు. ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. జేబులోంచి తాళం తీసి, సీలు తెంపి, తలుపు లాగేసింది.

వేడిగాలి మొహాన కొట్టింది. చెయ్యి లోపలికి పెట్టి తడిమేను. దొరికింది. వదులుగా వేసిన ముడి కాస్తా పన్నెండు తీగల్నీ ఒకే గుప్పిట్లో పట్టి పిసుకుతోంది. అందులో ఒకటి అడుగున నలిగి పల్చబడి ఉంది. వేలి కొసకి తెలిసింది.

"విప్పగలరా?"

"ఇది విప్పే ముడి కాదమ్మా. కొయ్యాలి."

"నడుస్తున్న యంత్రం అండీ. చాకు ఒక్క వెంట్రుకవాసి జారి గాజు తెగిందంటే..."

"తెలుసు. నువ్వు లైటు పట్టుకో. మాట్లాడకు."

కొంగునున్న వల సూదిని దారానికీ తీగలకీ మధ్య దూర్చేను. దూరదే! బియ్యపుగింజంత సందు లేదు. ఎడమచేతి గోటితో దారాన్ని కాస్త పైకెత్తి, ఊపిరి బిగపట్టి, సూది కొస తిప్పుతూ తిప్పుతూ పెట్టేను. గోరు విరిగింది. సూది దూరింది. దానిమీద చాకు ఆనించి నెమ్మదిగా, ముల్లు తీస్తున్నట్టు కోసేను. నైలాన్ టప్పుమని తెగింది. పన్నెండు తీగలూ ఒక్కసారి విడిపోయి, ఊపిరి పీల్చుకున్నట్టు వదులయ్యేయి.

తెగిన ముడి నా అరచేతిలో పడింది. బొడ్లో దోపుకున్నాను.

కెజియా తెర దగ్గరికి పరుగెత్తింది. "పెరుగుతోంది! రత్నమ్మగారూ, పెరుగుతోందండీ! గంటంపావు... గంటన్నర..."

పదకొండూ నలభైకి కవల ఆ అల దగ్గరికి చేరింది. తెరమీద ఎర్రగా చిన్న చుక్క. పెద్దమెట్టకి తూర్పు అంచు, ఒంటిగంటా ఇరవై రెండు నిమిషాలు. పడవల్లోని వైర్‌లెస్ సెట్లు పంపే గుర్తుల ప్రకారం చుక్క మీదే మూడు పడవలు.

మా షెడ్డులో బుడ్లని పరీక్షించుకోడానికి వైర్‌లెస్ సెట్టు ఒకటుంది. పరీక్షలో ఉన్న యంత్రం మాట గడప దాటకూడదని కంపెనీ కట్టడి. తప్పుడు కబురు ఒక్కసారి పోతే తర్వాత నిజం చెప్పినా జనం నమ్మరని. కెజియా ఆ సెట్టు నా చేతికిచ్చింది.

"మసేను మావా! మసేను మావా! రత్నాన్ని. వినబడుతోందా?"

గరగర. మళ్ళీ పిలిచేను. మళ్ళీ. ఏడోసారికి పలికేడు.

"ఏవే, నువ్వేటి దీన్లో?"

ఆ గొంతు వినేసరికి సెట్టుని నోటికి ఆనించేసేను. "మావా, ఉన్న చోటు నుంచి ఇప్పుడే కదిలిపో. పడమరకి తిప్పు. ఒంటిగంట దాటేక అక్కడ పెద్ద అల లేస్తాది. తాటిచెట్టంత."

"నీకేటన్నా పిచ్చా? నీళ్ళు నూనె పోసినట్టున్నాయి. పొద్దున్న చెయ్యెట్టి చూసేను. వలలో చేప గుంజేత్తంది, సగం కూడా తియ్యలేదు."

"వల వదిలెయ్. కోసెయ్."

"కొత్త వలే అది! నువ్వు పదకొండు నెల్లు..."

"నాకు తెలుసు ఎన్ని నెలలో! కోసెయ్ మావా!"

గరగరమని చప్పుడు. ఆయన ఏదో ఆలోచిస్తున్నాడు. నాకు ఆయన మొహం కనబడుతూనే ఉంది, ఎడమకన్ను చిన్నది చేసి నీళ్ళకేసి చూస్తూ.

"రత్నం," అన్నాడు నెమ్మదిగా. "ఈ మాట యంత్రం చెప్పిందా, నువ్వు చెప్తన్నావా?"

కెజియా నాకేసి చూసింది. యంత్రం చెప్పిందంటే ఆయన రాడు. అది నాకు తెలుసు. కానీ అబద్ధం కూడా ఆడలేదు నేను.

"నేను చెప్తన్నాను," అన్నాను. "నేను. నీ పెళ్ళాన్ని."

తర్వాత ఇంజను లేచిన చప్పుడు వినబడింది. ఆయన కదిలేడని చూసి పక్కనున్న రెండు పడవలూ వెనకే వచ్చేయట. తెరమీద మూడు చుక్కలూ ఎర్రదానికి దూరంగా జరుగుతుంటే, మేమిద్దరం ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళం పట్టుకుని చూస్తూ కూర్చున్నాం. ఒంటిగంటా ఇరవై రెండుకి అక్కడి బుడ్డి నుంచి కబురొచ్చి ఎర్రచుక్క భగ్గున వెలిగింది. ఒంటిగంటా ఇరవై నాలుగుకి ఆరిపోయింది.

సాయంత్రం పడవ ఒడ్డు తగిలేక ఆయన దిగి, జనాన్ని తోసుకుంటూ నా దగ్గరికొచ్చేడు. అందరిముందూ ఏనాడూ నన్ను ముట్టుకోని మనిషి నా భుజమ్మీద చెయ్యి వేసేడు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"లేచింది రత్నం. నేను చూసేను," అన్నాడు. "నీళ్ళు నాకు చెప్పలేదే. చెయ్యెట్టి అడిగినా చెప్పలేదు."

నేను గట్టిగా ఏడిచేసేను. బతికొచ్చినందుకు అనుకున్నారందరూ. అది నిజమే. కానీ ఆయన ఆ మాట అన్న తీరుకి కూడా.

తర్వాత అన్నీ చకచకా జరిగేయి. సీలు తెంపింది తనేనని, ఎందుకు తెంపిందో అన్నీ కెజియా కాగితం మీద పెట్టి పంపింది. కంపెనీ మెమో ఇచ్చింది. మళ్ళీ మూడు రోజులు పరీక్ష నడిపేరు, ఈసారి తొమ్మిది గంటలకి ఒక్క నిమిషం తగ్గలేదు. దారంతో కట్టకూడదని గోడమీద పెద్ద అక్షరాలతో రాసేరు. నన్ను పనిలోంచి తీసేస్తారనుకున్నాను. "ఆవిడ వేళ్ళు లేకపోతే ఆరోజు యంత్రం లేదు, మనుషులూ లేరు" అని కెజియా అడ్డుపడిందట. బీరువాలు లారీ ఎక్కి హార్బరు పక్కన కొత్తగా కట్టిన గదిలోకి చేరేయి. నెల తిరిగేసరికి ప్రతి పడవనీ నడిపే తండేలు ఫోన్లోనూ తెల్లారేసరికి కబురు రావడం మొదలైంది. ఆరు నెలల్లో మా తీరంలో ఒక్క పడవ తిరగబడలేదు. ఆ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గుండె నిండుతుంది.

కానీ మా ఇంట్లో ఒక మనిషి తగ్గిపోయేడు.

మొదటి రెండు వారాలూ అలవాటు కొద్దీ కుర్రాళ్ళు ఆయన వెనకాల నిలబడి అడిగేవారు. "నన్నడక్కండిరా, ఫోన్ చూసుకోండి" అనేవాడు. తర్వాత వాళ్ళు అడగడం మానేసేరు. తప్పు వాళ్ళది కాదు. ఫోన్లో చూసుకుని చకచకా పడవలు తోసుకుని వెళ్ళిపోయేవారు. ఆయన మాత్రం రోజూ వెళ్తాడు. పాదాలు తడిసేదాకా వెళ్ళి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు. వంగడు. చెయ్యి పెట్టడు. ఇంటికొచ్చి కాఫీ తాగి, ఎవరూ అడక్కుండానే నా పాత వలలు ముందేసుకుని కూర్చుంటాడు. ఒకసారి అడిగేడు, "నా ముడి ఉందేటే ఇంకా లోపల?" అని.

"ఉంది మావా," అన్నాను. అదొక్కటే ఆయనకి మిగిలిందేమో అనిపించి అలా అనేసేను. ఆ అబద్ధం నన్ను ఎంత తినేసిందో నాకే తెలుసు.

మొన్న ఒక తెల్లవారుఝామున నాకు మెలకువ వచ్చేసరికి ఆయన పక్కలో లేడు. ఒడ్డుకి వెళ్ళేను. పడవలన్నీ వెళ్ళిపోయేయి. ఒక్కడూ నిలబడి ఉన్నాడు. ఇంక నావల్ల కాలేదు. వెళ్ళి పక్కన నిలబడి, బొడ్లోంచి ఆ తెగిన ముడి తీసి ఆయన చేతిలో పెట్టేను. ఆరు నెలలుగా చీర మారినప్పుడల్లా అదీ మారుతూ వచ్చింది.

"లోపల లేదు మావా. ఆరోజే కోసేసేను. అదే బిగుసుకుపోయి యంత్రం గొంతు పట్టుకుంది. అందుకే కబురు అంత ఆలస్యమైంది. నీకు చెప్పే ధైర్యం లేకపోయింది."

ఆయన దాన్ని బొటనవేలితో తిప్పి తిప్పి చూసేడు.

"తెలుసు," అన్నాడు.

"ఏటి తెలుసు?"

"నువ్వు కట్టేనన్న రోజే అనుకున్నాను, పంకాల ఊపుకి ఇది బిగుస్తాదని. వేలు దూరేలా వదిలితే ఏటవుద్ది, రెండ్రోజుల్లో పట్టేత్తాది."

నేను నోరు తెరుచుకుని చూసేను. "మరి ఎందుకు చెప్పలేదు?"

"అంత సంతోసంగా చెప్పేవు," అన్నాడు తల దించుకుని. "నీ మొగం చిన్నబోద్దని ఊరుకున్నాను."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, కొట్టాలని కూడా అనిపించింది. నిజంగానే భుజమ్మీద ఒకటి వేసేను. "నా మొహం చిన్నబోతుందని నువ్వు చచ్చిపోబోయేవు ముసలోడా!"

"సావలేదు కదా," అన్నాడు. చాలా నెలల తర్వాత పెదవి కొసన నవ్వు కనబడింది.

"ఆరు నెలలుగా నాకేం తెలీదు, నీళ్ళు నాకు చెప్పట్లేదు అని మొహం వేలాడేసుకుని తిరుగుతున్నావు. అంత చదువుకున్న కెజియాకి తెలీలేదు. కట్టిన నాకు తెలీలేదు. అన్నం తింటూ కూర్చున్న నీకు మాత్రం ముందే తెలిసిపోయింది. ఇంకేం తెలియాలి నీకు?"

అల వచ్చి మా ఇద్దరి పాదాలూ తడిపి వెళ్ళింది. నేను రెండడుగులు వెనక్కి వేసి, కుర్రాళ్ళు నిలబడే చోట నిలబడ్డాను. చేతులు కట్టుకున్నాను.

"ఎల్లొచ్చా మావా?" అన్నాను.

తిరిగి నాకేసి చూసేడు. "నీ యంత్రం ఏటంటంది?"

"దాన్ని నేను అడగలేదు," అన్నాను. "నిన్నడుగుతున్నాను."

ఆయన ముడిని చొక్కా జేబులో వేసుకుని, పంచె మోకాళ్ళ పైకి ఎగదోపుకుని, నీళ్ళలోకి నడిచేడు. వంగి కుడిచెయ్యి మణికట్టు దాకా ముంచేడు. నేను వెనకాలే నిలబడ్డాను. షెడ్డుకి వేళవుతోంది, అయినా కదల్లేదు.